గోకు గొంతు వెనకున్న మనిషి: మసాకో నొజావా మీద ఒక ప్రసంగం

వెనక వరకూ వినబడుతోందా? ఆ, సరే. అందరికీ నమస్కారం. నాకిచ్చిన టాపిక్ "జపాన్ వాయిస్ యాక్టర్లు" అని ఉంది, అంత పెద్దది నా వల్ల కాదు బాబూ, నేను ఒక్క మనిషి గురించే చెప్తాను, ఆవిడ గురించి సరిగ్గా చెప్పుకుంటే అక్కడి ఇండస్ట్రీ చరిత్ర సగానికి పైన దానంతట అదే వచ్చేస్తుంది. మసాకో నొజావా. డ్రాగన్ బాల్ అనే జపాన్ కార్టూన్ సీరియల్లో హీరో గోకు ఉన్నాడు కదా, వాడి గొంతు.

డ్రాగన్ బాల్ జపనీస్ ఆడియోలో చూసినవాళ్ళు చేతులెత్తండి. పర్లేదే, చాలామందే ఉన్నారు. మిగతావాళ్ళంతా 2000ల మొదట్లో కార్టూన్ నెట్‌వర్క్‌లో హిందీలోనో ఇంగ్లీష్‌లోనో చూసిన బ్యాచ్ అనుకుంటా, లేదా మొన్నమొన్నటి తెలుగు డబ్బింగ్‌లో. వాళ్ళకి గోకు అంటే బలంగా ఉండే మగ గొంతు. అలాంటివాళ్ళు ఎప్పుడైనా ఒరిజినల్ పెట్టుకుంటే మొదటి రెండు నిమిషాలు మొహం అదోలా పెడతారు, "ఇదేంటి, కండలు చూస్తే అంత, గొంతేమో మా నానమ్మలా ఉంది" అని. (నవ్వులు) నవ్వకండి, నాకు చాలామంది ఇదే మాట చెప్పారు. నానమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు కూడా, ఆవిడ పుట్టింది 1936 అక్టోబర్ 25న.

ఇప్పుడు చిన్న లెక్క. డ్రాగన్ బాల్ టీవీలో మొదలైంది 1986 ఫిబ్రవరి 26న. అంటే గోకు పాత్ర వచ్చేటప్పటికి ఆవిడ వయసు 49. తోకున్న ఒక అడవి పిల్లాడి పాత్ర, 49 ఏళ్ళ ఆవిడకి. మన దగ్గర 49 అంటే హీరోయిన్ అమ్మ పాత్రలు కూడా దాటిపోయి అత్తగారి పాత్రల్లో ఉంటారు. ఈవిడకి మాత్రం ప్రపంచం గుర్తుపెట్టుకున్న పాత్ర అప్పుడొచ్చింది. ఆ 49 ఏళ్ళు ఏం చేసిందన్నదే నాకు అసలు కథ, గోకు అరుస్తూ వదిలే ఆ కమేహమేహా దెబ్బ తర్వాత.

మూడేళ్ళ వయసులో సినిమాల్లోకి వచ్చింది, చైల్డ్ ఆర్టిస్ట్‌గా. వాళ్ళ పిన్ని వరస ఆవిడ ఒకరు షోచికు స్టూడియోలో నటి, అలా వచ్చింది సినిమా. నాన్నగారు చిత్రకారుడు. పుట్టింది టోక్యోలో, యుద్ధం టైమ్‌లో గున్మా ప్రాంతానికి వెళ్ళిపోయి అక్కడే పెరిగింది. తర్వాత మళ్ళీ టోక్యో వచ్చి నాటకాల ట్రూప్‌లో చేరింది. ఆవిడ మనసంతా స్టేజీ మీదే, ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే "చిన్నప్పట్నించీ వాయిస్ యాక్టర్ అవ్వాలని కల" అన్న కథ కాదిది. అప్పటికి ఆ వృత్తికి పేరు కూడా సరిగ్గా లేదు. నాటకాల్లో డబ్బులుండవు, అది ఏ దేశంలోనైనా అంతే కదా, ఏదో పక్క పని ఉండాలి.

ఆ పక్క పని ఎలా పుట్టిందో చెప్తాను, ఇది చాలా ఇంట్రెస్టింగ్ విషయం. జపాన్‌లో టీవీ 1953లో మొదలైంది. సినిమా కంపెనీలకి భయం పట్టుకుంది, జనం ఇంట్లోనే కూర్చుంటే థియేటర్‌కి ఎవడొస్తాడని. 1956లో పెద్ద సినిమా కంపెనీలు కలిసి మా సినిమాలు టీవీకి ఇవ్వం అని తేల్చేశాయి, వాళ్ళ స్టార్లని కూడా టీవీ వైపు పోనివ్వలేదు. మరి టీవీ వాళ్ళు ఏం వెయ్యాలి? అమెరికా నుంచి సీరియళ్ళు కొనుక్కొచ్చారు, కౌబాయ్‌లు, డిటెక్టివ్‌లు, కుక్కలు, అన్నీ. వాటికి జపనీస్ మాటలు కావాలి. సినిమా స్టార్లు రారు. అందుకని నాటకాల వాళ్ళనీ రేడియో వాళ్ళనీ పట్టుకొచ్చి మైక్ ముందు నిలబెట్టారు. ఇవాళ మీరు రూమ్‌లో పోస్టర్లు అంటించుకునే ఆ వృత్తి మొత్తం, సినిమావాళ్ళు అలిగి తలుపేసుకోవడం వల్ల పుట్టింది.

ఆ రోజుల్లో డబ్బింగ్ కూడా లైవే, అంటే నిజంగానే లైవ్. అటు టీవీలో బొమ్మ ప్రసారం అవుతుంటే ఇటు స్టూడియోలో నటులు నిలబడి మాట చెప్పేవాళ్ళు, తప్పు చెప్తే ఆ తప్పు దేశమంతా విన్నట్టే, రీటేక్ అనే మాటే లేదు. నేను డబ్బింగ్ చెప్పుకునే మనిషిని, ఇప్పుడు మాకు ఒక్క లైన్ ముప్పైసార్లు చెప్పినా ఇంజినీర్ చిన్నగా నిట్టూరుస్తాడు అంతే, వేరే నష్టం లేదు. లైవ్‌లో లిప్ సింక్ అంటే నాకు తలుచుకుంటేనే చేతులు చల్లబడతాయి.

అలాంటి ఒక విదేశీ సీరియల్లో ఒక కుర్రాడి పాత్ర వచ్చింది. ఎవరితో చెప్పించాలి? నిజం పిల్లాణ్ణి తెస్తే లైవ్‌లో తడబడితే గోవిందా, పైగా రాత్రి పూట పని, పిల్లల్ని అలా రాత్రిళ్ళు పనిచేయించకూడదు. కాస్త పెద్ద కుర్రాణ్ణి తెద్దామంటే వాడికి గొంతు మారిపోతుంటుంది, ఈ నెల ఉన్న గొంతు వచ్చే నెల ఉండదు. అందుకని ఎవరో ఆలోచించారు, ఆడవాళ్ళతో చెప్పిద్దాం అని. నాటకాల ట్రూపులకి కబురు పెట్టారు, నొజావా ఆడిషన్‌కి వెళ్ళింది, సెలెక్ట్ అయింది, అక్కణ్ణించి కుర్రాడి పాత్ర అంటే ఈవిణ్ణి పిలవడం మొదలైంది. ఈ కథ ఆవిడే చాలా ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఇవాళ జపాన్ కార్టూన్ల హీరోల్ని చూడండి, లూఫీకి మయుమి తనకా, నరుటోకి జుంకో తకేవుచి, కోనన్‌కి మినామి తకాయామా, అందరూ ఆడవాళ్ళే కదా, మీకు అదొక స్టైల్ అనిపిస్తుంది, దాని మొదలు చూస్తే లైవ్ టైమింగూ పిల్లల గొంతు మారిపోవడమూ, అంతే, అవసరం. మన దగ్గర కూడా సినిమాలో బుడ్డోడికి చాలాసార్లు ఆడవాళ్ళమే చెప్తాం, నేను తిండి తింటున్నదే ఆ బుడ్డోళ్ళ మీద.

యానిమేషన్‌కి వద్దాం. 1963లో ఆస్ట్రో బాయ్‌తో వారం వారం వచ్చే టీవీ అనిమే, అంటే జపాన్ కార్టూన్ సీరియల్, మొదలైంది, దాని మెయిన్ గొంతు మారి షిమిజు గారిది. నొజావాకి మొదటి మెయిన్ రోల్ 1968లో, గెగెగె నో కితారో. షిగెరు మిజుకి గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. కితారో అంటే స్మశానంలో పుట్టిన దెయ్యం పిల్లాడు, ఒక కన్ను జుట్టుతో కప్పేసి ఉంటుంది, వాడి తండ్రి ఒట్టి కన్నుగుడ్డు, చిన్న కన్నుగుడ్డుకి కాళ్ళూ చేతులూ ఉంటాయి, టీ కప్పులో స్నానం చేస్తుంటాడు. చెప్తే పిచ్చిగా ఉంటుంది, చూస్తే బాగుంటుంది. అప్పటికి ఆవిడకి 31. ఈ కన్నుగుడ్డు నాన్నని మర్చిపోకండి, మళ్ళీ వస్తాడు.

తర్వాత డెబ్బైల్లో ఆవిడ చెయ్యని కుర్రాడు లేడు. చొక్కా మీద కప్ప అతుక్కుపోయిన హిరోషి అనే కుర్రాడు, అది 1972. గాంబా అనే ఎలక, 1975. రాస్కల్ అనే రకూన్, 1977, దానికి మాటలే ఉండవు, ఒట్టి కూతలు, ఆ కూతల కోసం మెయిన్ ఆర్టిస్ట్‌ని పెట్టారంటే ఆలోచించండి. 1980లో టామ్ సాయర్. ఇంకో సంగతి, ఇక్కడున్న డోరేమాన్ ఫ్యాన్స్‌కి, 1973లో వేరే ఛానల్లో ఒక పాత డోరేమాన్ వచ్చి కొన్నాళ్ళకే ఆగిపోయింది, అందులో మొదట ఒక మగ నటుడు చెప్తే సగంలో మార్చి నొజావాని పెట్టారు. అంటే గోకు గొంతు కొన్నాళ్ళు డోరేమాన్ గొంతు కూడా.

1978లో గెలాక్సీ ఎక్స్‌ప్రెస్ 999. లెయిజి మాత్సుమోతో కథ. తెత్సురో అనే పేద కుర్రాడు అంతరిక్షంలో రైలెక్కి మెషిన్ ఒళ్ళు సంపాదించుకోడానికి పోతుంటాడు, తోడుగా మేటెల్ అనే ఆవిడ. 113 ఎపిసోడ్లు. నన్నడిగితే ఆవిడ బెస్ట్ వర్క్ ఇదే, గోకు కాదు. మీరు రాళ్ళు వేసినా సరే అదే చెప్తా. గోకులో బలం ఉంటుంది, తెత్సురోలో ఏడుపు ఆపుకునే పిల్లాడుంటాడు, తల్లిని పోగొట్టుకున్నవాడు, ఎవరి మీదో కోపం, ఎవరి మీదో తెలీదు. 41 ఏళ్ళ ఆవిడ ఆ కోపాన్ని ఎక్కడా అరిచి చెప్పదు, ఊపిరి పట్టి ఉంచి చివర్లో కొంచెం వదుల్తుంది. మాకు డబ్బింగ్‌లో నేర్పేవాళ్ళు ఎప్పుడూ "మోడ్యులేషన్, మోడ్యులేషన్" అంటుంటారు, గొంతు సన్నగా చెయ్యి, ముక్కుతో చెయ్యి, అని. నొజావా గొంతు చూస్తే అసలు పెద్దగా మారదు. కితారో, తెత్సురో, గోకు, మూడూ పక్కపక్కన పెట్టి వినండి, గొంతు అదే, గరుకు గరుకుగా, మారేది ఊపిరి. వాక్యం ఎక్కడ మొదలెడుతోంది, ఎక్కడ ఆగుతోంది, అది మారుతుంది. అది స్టేజీ మీద నేర్చుకునే విద్య, మైక్ ముందు నేర్చుకునేది కాదు.

సరే డ్రాగన్ బాల్. అందరూ దీనికోసమే కూర్చున్నారని నాకు తెలుసు.

ఆడిషన్ పెట్టారు, చాలామంది వచ్చారు, ఆ గొంతులు డ్రాగన్ బాల్ మాంగా గీసిన అకిరా తొరియామా విన్నాడు, నొజావాది వినగానే గోకు ఈవిడే అనుకున్నాడు. ఆ తర్వాత మాంగా గీసేటప్పుడు కూడా తనకి గోకు మాటలు ఆవిడ గొంతులోనే వినపడతాయని తొరియామా చెప్పుకున్నాడు. రాసినవాడి బుర్రలోకే నటి గొంతు దూరిపోయింది.

ఇప్పుడు ఆవిడ పని పద్ధతి. మాంగా ముందే చదవదు. వారం వారం పత్రికలో వస్తోంది, దేశమంతా చదువుతోంది, ఈవిడ మాత్రం చదవదు. ఎందుకంటే రేపు ఏం జరుగుతుందో గోకుకి తెలీదు కదా, నాకెందుకు తెలియాలి అని. నాకు మొదట విన్నప్పుడు ఇదేదో ఇంటర్వ్యూలో చెప్పే మాట అనిపించింది గానీ ఆలోచిస్తే గోకు లాంటి పాత్రకి ఇది సరిగ్గా సరిపోతుంది, వాడు ముందుచూపు లేని మనిషి, ఎదుట ఎవడొస్తే వాణ్ణి చూసి సంబరపడతాడు, ఆ సంబరం ముందే తెలిసినవాళ్ళకి రాదు. ఇదే పద్ధతి వేరే పాత్రకి పెడితే దెబ్బైపోతుంది, ఉదాహరణకి లోపల ఏదో దాచుకుని తిరిగే విలన్‌కి చెప్పేవాళ్ళు కథ తెలీకుండా ఎలా చెప్తారు, చెప్పలేరు. కాబట్టి ఆవిడ చేసింది కదా అని మీరూ స్క్రిప్ట్ చదవకుండా స్టూడియోకి వెళ్ళకండి, బయటకి పంపేస్తారు. (నవ్వులు)

1989 ఏప్రిల్‌లో డ్రాగన్ బాల్ జెడ్ మొదలైంది. గోకు పెద్దవాడైపోయాడు, పెళ్ళయింది, కొడుకు గోహాన్. ఇక్కడ మామూలుగా అయితే ఏం చేస్తారు? పెద్ద గోకుకి మగ గొంతు పెట్టి, పిల్లాడికి నొజావాని పెడతారు. వీళ్ళేం చేశారంటే గోకు ఆవిడే, గోహాన్ కూడా ఆవిడే. తర్వాత చిన్న కొడుకు గోతెన్ వచ్చాడు, అదీ ఆవిడే. 1990లో ఒక టీవీ స్పెషల్‌లో గోకు తండ్రి బార్డాక్ వచ్చాడు, అదీ ఆవిడే. తండ్రీ, కొడుకూ, మనవళ్ళూ, అందరూ ఒక్క ఆడమనిషి నోట్లోంచి. 2016లో డ్రాగన్ బాల్ సూపర్‌లో గోకు బ్లాక్ అని వచ్చాడు చూడండి, గోకు ఒంట్లో ఉన్న దుర్మార్గుడు, వాడికి అదే గొంతుని చల్లబరిచి, మాటని నెమ్మది చేసి చెప్పింది, అప్పటికి ఆవిడకి ఎనభై దగ్గర.

ఇందులో టెక్నికల్‌గా ఇంకో మాట చెప్పాలి, ఇక్కడ సౌండ్ ఇంజినీరింగ్ పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి. మనకి ఇప్పుడు డబ్బింగ్ అంటే ఒక్కొక్కరం వేర్వేరుగా వచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, మన ట్రాక్ మనం చెప్పేసి వెళ్ళిపోతాం, నాతో సీన్‌లో పోట్లాడే ఆర్టిస్ట్‌ని నేను బయట టీ దగ్గర కూడా చూసి ఉండను. జపాన్‌లో పద్ధతి వేరు. పెద్ద రూమ్, ముందు మూడో నాలుగో మైకులు, వెనక బెంచీల మీద ఆర్టిస్టులంతా స్క్రిప్ట్ పట్టుకుని కూర్చుంటారు, తన లైన్ వచ్చేసరికి లేచి ఖాళీగా ఉన్న మైక్ దగ్గరికి వెళ్ళాలి, చెప్పి పక్కకి తప్పుకోవాలి, చెప్పులు చప్పుడు కాకూడదు, కాగితం తిప్పితే చప్పుడు కాకూడదు. తెర మీద బొమ్మ కూడా చాలాసార్లు పూర్తై ఉండదు, ఒట్టి గీతలు ఉంటాయి, దాన్ని చూసే ఊహించుకుని చెప్పాలి. కోవిడ్ తర్వాత విడివిడిగా రికార్డ్ చెయ్యడం పెరిగింది గానీ జెడ్ టైమ్‌లో అంతా ఒకే రూమ్‌లోనే. ఆ రూమ్‌లో ఒకే సీన్‌లో గోకు, గోహాన్, గోతెన్ ముగ్గురూ మాట్లాడుకుంటుంటే నొజావా వాటిని విడగొట్టి చెప్పదు. వరసగా చెప్పేస్తుంది. తండ్రి పిలుస్తాడు, పెద్దాడు జవాబిస్తాడు, చిన్నోడు మధ్యలో దూరతాడు, ఒకే ఫ్లోలో. బొమ్మ మొహం కనపడగానే ఆ మనిషైపోతాను అని ఆవిడ చెప్పే జవాబు, అంతకంటే వివరం ఇవ్వదు. నేనైతే ఎప్పుడూ ఇద్దరు పిల్లలు ఉన్న సీన్ వస్తే ముందు ఒకడిది మొత్తం చెప్పేసి, నీళ్ళు తాగి, రెండోవాడిది చెప్తాను, మా ఫీల్డ్‌లో అందరం అంతే.

అరుపుల సంగతి కూడా చెప్పాలి. జెడ్ అంటేనే అరుపు. ఒక మనిషి పవర్ పెంచుకోవడానికి అరుస్తూ ఉంటాడు, ఎపిసోడ్ అయిపోతుంది, వచ్చే వారం మళ్ళీ అక్కణ్ణించే అరుస్తాడు. 291 ఎపిసోడ్లు, 1996 జనవరి వరకు. గొంతుతో అరిస్తే రెండో వారానికి ఆర్టిస్ట్ ఉండడు, పొట్టలోంచి రావాలి, మళ్ళీ స్టేజీ దగ్గరికే వచ్చాం చూడండి. 2009లో అదే జెడ్‌ని కుదించి డ్రాగన్ బాల్ కాయ్ అని వేశారు, పాత బొమ్మే, కానీ మాటలు మాత్రం కొత్తగా రికార్డ్ చేశారు. అంటే 52 ఏళ్ళప్పుడు చెప్పిన నాలుగేళ్ళ గోహాన్‌ని 72 ఏళ్ళప్పుడు మళ్ళీ చెప్పింది. రెండూ దొరుకుతాయి, పక్కపక్కన పెట్టి వినండి. తేడా తెలుస్తుంది, తెలీదని నేను అబద్ధం చెప్పను, అంచుల్లో గొంతు కొంచెం ఎండింది. పిల్లాడు మాత్రం ఎక్కడా ముసలాడవ్వలేదు.

ఎవరో డబ్బుల గురించి చెప్పమన్నారు ఇందాక బయట. నొజావాకి ఎంతిస్తారో నాకు తెలీదమ్మా, పద్ధతి చెప్తాను. అక్కడ ర్యాంకులుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి అరగంట ఎపిసోడ్‌కి 15,000 యెన్లు, మన డబ్బుల్లో ఎనిమిది తొమ్మిది వేలు అనుకోండి. ఒక్క లైన్ చెప్పినా అంతే, రెండొందల లైన్లు చెప్పినా అంతే, లెక్క ఎపిసోడ్‌కి. అందులోంచి ఏజెన్సీ వాటా పోతుంది. ర్యాంక్ పెరిగితే రేటు పెరుగుతుంది, కానీ రేటు పెరిగిన ఆర్టిస్ట్‌ని పిలవడానికి ప్రొడ్యూసర్ వెనకాడతాడు, అందుకని పెరగడమూ ఒక తంటానే. ఈ మాత్రం పద్ధతి కూడా ఊరికే రాలేదు, 1973లో ఆర్టిస్టులంతా రోడ్డెక్కారు, పని ఆపారు, ఊరేగింపు తీశారు, అప్పుడు ఫీజులు సుమారు మూడు రెట్లయ్యాయి. అంతకుముందు ఎంత తక్కువ ఉండి ఉంటే మూడు రెట్లు చేశారో చూడండి. అనిమేలో స్టార్లంటే మనకి కచేరీలు, ఫొటో బుక్కులు గుర్తొస్తాయి గానీ, ఇవాళ స్కూళ్ళలో వాయిస్ కోర్సులకి ఫీజు కట్టి బయటకొచ్చే వేలమందిలో చాలామంది పగలు సూపర్ మార్కెట్‌లో చేసుకుని ఖాళీ టైమ్‌లో ఆడిషన్లకి వెళ్ళేవాళ్ళే.

కన్నుగుడ్డు నాన్న దగ్గరికి వద్దాం. కితారో సీరియల్ జపాన్‌లో దాదాపు పదేళ్ళకోసారి కొత్తగా తీస్తుంటారు. 1968లోనూ 1971లోనూ కితారో నొజావా. 1985లో కెయికో తోదా, 1996లో యోకో మాత్సువోకా, 2007లో మినామి తకాయామా, ఇలా మారుతూ వచ్చారు. కానీ ఆ నాన్న పాత్రకి మాత్రం మొదట్నించీ ఇసాము తానోనాకా అనే ఆయనే, ఆ గొంతు వింటే ఇంక ఎవర్నీ ఊహించలేం. ఆయన 2010లో చనిపోయారు. 2018లో ఆరోసారి సీరియల్ తీసేటప్పుడు నాన్న గొంతు ఎవరని ప్రశ్న వచ్చింది. నొజావాని పెట్టారు. యాభై ఏళ్ళ క్రితం కొడుకు గొంతు చెప్పిన మనిషి తండ్రి అయింది, కొడుకు ఇప్పుడు మియుకి సవాషిరో. 1968లో "నాన్నా" అని పిలిచిన నోరు ఇప్పుడు "కితారో" అని పిలుస్తోంది. దీన్ని చాలామంది స్టంట్ కాస్టింగ్, అంటే ఒట్టి ప్రచారం కోసం పెట్టారు అన్నారు, నాకు అలా అనిపించలేదు, ఎందుకంటే తానోనాకా పక్కన మైక్ దగ్గర నిలబడి ఏళ్ళ తరబడి ఆ నాన్న మాట విన్న మనిషి ఆవిడే కదా, ఆ పలకడం, ఆ చిన్న కీచు, చెవిలో ఉండిపోయి ఉంటుంది. 2023లో వచ్చిన సినిమాలో కూడా ఆ కన్నుగుడ్డు ఆవిడే.

ఇంత జరిగాక కూడా అవార్డులు ఆలస్యంగానే వచ్చాయి. 2017లో గిన్నిస్ వాళ్ళు వీడియో గేమ్స్‌లో ఒకే పాత్రకి ఎక్కువ కాలం గొంతు ఇచ్చినందుకు రికార్డు ఇచ్చారు, గేమ్స్ లెక్క మాత్రమే అది, టీవీ లెక్క కలిపితే ఇంకా చాలా ముందునించీ. 2025లో జపాన్ ప్రభుత్వం సంస్కృతికి సేవ చేసినవాళ్ళకిచ్చే పెద్ద గౌరవానికి ఆవిణ్ణి ఎంచుకుంది, వాయిస్ యాక్టర్‌కి అది రావడం అదే మొదటిసారి. డెబ్బై ఏళ్ళకి పైగా ఉన్న వృత్తికి మొదటిసారి. అక్కడే అలా ఉందంటే ఇక మన సంగతి ఎందుకులెండి.

2024 మార్చ్ 1న తొరియామా చనిపోయారు. అదే అక్టోబర్‌లో డ్రాగన్ బాల్ దైమా మొదలైంది, ఆయన చివరిగా కథ ఇచ్చిన సీరియల్, అందులో గోకు మళ్ళీ చిన్నపిల్లాడైపోతాడు. నొజావాకి అప్పటికి 87, ఇంకో రెండు వారాల్లో 88. 49 ఏళ్ళప్పుడు చెప్పిన సైజు పిల్లాణ్ణి 87లో. నేను మొదటి ఎపిసోడ్ చూస్తూ మొదటి పావుగంట కథ పట్టించుకోలేదు, ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో చూస్తూ కూర్చున్నా. లైన్లు చిన్నవి రాశారు, చాలా తెలివిగా రాశారు, ఆవిడ కోసమే అని నా అనుమానం.

ప్రశ్నలుంటే అడగండి, టైమ్ ఉంది.

(ప్రశ్న: మేడమ్, ఆవిడ తర్వాత గోకు ఎవరు? ఏఐ పెట్టేస్తారా?)

ఇది వస్తుందని తెలుసు. రెండు ముక్కలు చెప్తాను. మనిషిని మార్చడం కొత్త కాదు. డోరేమాన్‌కి నోబుయో ఓయామా 1979 నుంచి 2005 దాకా చెప్పింది, 2005లో ఆవిడతో పాటు నోబిత, షిజుకా, జియాన్, సునియో, అందర్నీ ఒకేసారి మార్చేశారు. జనం గోల చేశారు, ఇప్పుడు వాసాబి మిజుతా గొంతుతో పెరిగిన పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు, వాళ్ళకి ఆవిడే డోరేమాన్. కాబట్టి గోకు కూడా ఒకరోజు మారతాడు, మారాలి కూడా. ఏఐ సంగతి, 2024 అక్టోబర్‌లో తమాషా జరిగింది. డ్రాగన్ బాల్‌లో విలన్ ఫ్రీజాకి గొంతిచ్చే ర్యూసెయ్ నకావో, ఇంకా చాలామంది పెద్ద ఆర్టిస్టులు కలిసి, మా గొంతుల్ని అడక్కుండా ఏఐతో వాడకండి అని ప్రచారం మొదలుపెట్టారు. అదే నెలలో నొజావా ఉన్న ఏజెన్సీ అఓనీ ప్రొడక్షన్, ఒక ఏఐ కంపెనీతో ఒప్పందం చేసుకుని ఆవిడతో కలిపి పదిమంది గొంతులు ఇచ్చింది. పేపర్లలో గోకు ఒకవైపు ఫ్రీజా ఒకవైపు అన్నట్టు వచ్చింది. సరిగ్గా చదివితే అలా కాదు. ఆ ఒప్పందం అనౌన్స్‌మెంట్లకీ, దారి చెప్పే మెషిన్లకీ, అలాంటివాటికి, అనిమేలోనూ డబ్బింగ్‌లోనూ నటనకి వాడకూడదని అందులోనే ఉంది. ఇద్దరూ అడుగుతున్నది ఒకటే, అడిగి తీసుకోండి, డబ్బిచ్చి తీసుకోండి, నటన దగ్గరికి రాకండి. మన దగ్గర మా అగ్రిమెంట్లలో ఈ లైను ఇంకా ఎంతమందికి ఉందో నాకు డౌటే, ఇక్కడ కొత్తగా ఫీల్డ్‌లోకి వచ్చేవాళ్ళుంటే సంతకం పెట్టే ముందు ఆ పేజీ చదవండి.

(ప్రశ్న: తెలుగు డబ్బింగ్‌లో గోకుకి కూడా లేడీ వాయిస్ పెడితే బాగుండేదా?)

చిన్న గోకుకి సరే, పెద్ద గోకుకి వద్దు. జపాన్‌వాళ్ళు 1986 నుంచి ఆ పిల్లాడితో పాటు నడిచొచ్చారు, అందుకని వాడు పెద్దయ్యాక కూడా వాళ్ళ చెవికి ఆ గొంతులో ఇబ్బంది లేదు. మన పిల్లలు సూపర్‌తో మొదలెట్టారు, సరాసరి పెద్దవాణ్ణే చూశారు, వాళ్ళకి ఉన్నట్టుండి ఆడ గొంతు పెడితే నవ్వుకుంటారు. మొన్న 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ సినిమా తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లలోకి వచ్చింది కదా, ఇంక ముందు ముందు ఇలాంటివి చాలా వస్తాయి, అప్పుడు గొంతు ఆడా మగా అన్నదానికంటే నాకు కావలసింది వేరే ఉంది, ముఖ్యమైన సీన్లకైనా ఆర్టిస్టులిద్దర్నీ ఒకే రూమ్‌లో నిలబెట్టండి. ఖర్చు పెరుగుతుంది, డేట్లు కుదరవు, నాకు తెలుసు, నేనూ డేట్లు ఇవ్వని రకమే. ఒక్క సీన్‌కి చేసి చూడండి.

ఇంకెవరైనా? ఆ బాబు చెయ్యి ఎత్తాడు… ఏంటి, కమేహమేహా చెయ్యాలా? ఇక్కడా? (నవ్వులు, చప్పట్లు) లేదు నాన్నా, సాయంత్రం నాకు ఒక సీరియల్‌లో ఏడేళ్ళ పిల్లాడికి జ్వరమొచ్చే సీన్ ఉంది, గొంతు దాచుకోవాలి. థాంక్యూ అండీ.